బత్తాయి చిగురు మీద చీమకేం పని?

ప్రశ్న: సారూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట. కొత్త చిగురు వచ్చిందంటే చాలు, నల్ల చీమలు బారులు కట్టి చెట్టెక్కుతున్నయి. చిగురాకు ముడుచుకుపోతున్నది, కింది ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డయి. మందుల షాపులో అడిగితే చీమల మందిచ్చిండ్రు. రెండుసార్లు కొట్టిన. పది రోజులకే మళ్ల అదే కథ. చీమలు ఆకు తింటున్నయా?
– ఒక బత్తాయి రైతు

జవాబు: తినడం లేదు. ఆకులు కత్తిరించుకుపోయే చీమలు ఉన్నాయి గానీ అవి అమెరికా ఖండాల్లోవి. అవి కూడా ఆ ఆకుల మీద బూజు పెంచి, ఆ బూజును తింటాయి. మన చీమకు అంత వ్యవసాయం రాదు. దానికి పాడి ఒక్కటే తెలుసు.

పొద్దున్నే తోటకు పోయి ముడుచుకున్న ఆకు ఒకటి విప్పి చూడండి. లోపల పేనుబంక అనే చిన్న చిన్న పురుగులు ఉంటాయి. కాడల సందుల్లో పిండినల్లి కూడా ఉండొచ్చు. ఈ పురుగులు మూతి గుచ్చి చెట్టు రసం తాగుతాయి. ఆ రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి పట్టే మాంసకృత్తుల సరుకు తక్కువ. అది సరిపడా దొరకాలంటే రసం చాలా తాగాలి. మిగిలిన తీపి నీళ్లను వెనక నుంచి బొట్లు బొట్లుగా వదిలేస్తాయి. చీమ వచ్చింది దానికోసమే. మీసాలతో పేనుబంకను మెల్లగా తడుతుంది. బొట్టు బయటికొస్తుంది, తాగేస్తుంది. దూడ మూతితో పొదుగు పొడిస్తే ఆవు చేపినట్టే. చీమ పొట్టలో తన తిండికి ఒక సంచి, ఇంటివాళ్ల కోసం ఇంకొకటి ఉంటాయి. ఆ రెండోది నింపుకుని పుట్టకు పోయి, నోట్లో నోరు పెట్టి మిగతా చీమలకు పంచుతుంది.

పాలిచ్చే గొడ్డును ఎవరు వదులుకుంటారు? పేనుబంకను తినడానికి అక్షింతల పురుగు వస్తే చీమలు తరిమేస్తాయి. మీ తోటకు చీమ చేస్తున్న నష్టం ఇదే. ఇక ఆ మసి అంటారా, కింది ఆకుల మీద పడ్డ ఆ తీపి నీళ్లను పట్టుకుని పెరిగే బూజు అది. అవి ఆగితే అదీ ఆగుతుంది.

మీరు కొట్టిన మందుకు పైన తిరిగే కూలి చీమలు చచ్చాయి. రాణి పుట్టలో క్షేమంగా ఉంది, గుడ్లు పెడుతూనే ఉంది. చీమలతో పాటు అక్షింతల పురుగులూ పోయి ఉంటాయి. డబ్బులు పెట్టి శత్రువుకే సాయం చేసినట్టయింది. తప్పు మీది కాదు లెండి, ఆకు తిప్పి చూడకుండా మందు చేతిలో పెట్టినవాళ్లది.

చేయాల్సింది చీమకు దారి మూసేయడం. నేలకు తగిలే కొమ్మలు కత్తిరించండి. చెట్టు మొదలు దగ్గర గడ్డి తీసేయండి. కాయ బరువుకు పెట్టిన పోటు కర్రలు కూడా చీమకు నిచ్చెనలే, వాటిని మరిచిపోవద్దు. మొదలు చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ బిగించి కట్టి, దాని మీద గ్రీజు పూయండి. నేరుగా బెరడుకు పూస్తే బెరడు దెబ్బతింటుంది. దుమ్ము పడితే చీమ దాని మీదే నడుస్తుంది కాబట్టి వారానికోసారి చూసుకోవాలి. బాగా ముడుచుకున్న చిగుర్లు తుంచి తోట బయట పారేయండి.

ఇదంతా చదివి చీమలన్నింటినీ ఒకే గాటన కట్టకండి. మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలున్నాయి కదా. అవి తమ పిల్ల పురుగులను నోట పట్టుకుని, వాటి నుంచి వచ్చే పట్టు దారంతో ఆకులను అతికిస్తాయి. దక్షిణ చైనాలో నారింజ తోటల రైతులు సుమారు 1,700 ఏళ్ల కిందటే ఈ చీమల గూళ్లను సంతలో కొని తెచ్చి చెట్లకు కట్టేవాళ్లు. పురుగుల కాపలాకన్నమాట. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెదురు బద్దలతో వంతెనలు కూడా వేసేవాళ్లు. మిమ్మల్ని పెంచమని మాత్రం అనను. ఇవీ పిండినల్లిని మేపుతాయి, పైగా అవి కరిస్తే మీ తోటలోకి ఒక్క కూలి మనిషి కూడా రాదు.

ప్రశ్న: మా పత్తి చేనులో పేనుబంక అసలు లేదు. అయినా చీమలు ఆకు ఆకూ తిరుగుతున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: పత్తి ఆకు అడుగున నడి ఈనె మీద చిన్న గుంట వెతకండి. అందులో తేనె ఊరుతుంది. పువ్వుతో సంబంధం లేని తేనె ఇది. దానికోసం తిరిగే చీమ కనబడ్డ పురుగు గుడ్లనూ పిల్ల పురుగులనూ ఎత్తుకుపోతుంది. దాని జోలికి పోకండి.

ఆముదానిదీ ఇదే పద్ధతి. మా నాన్నది ఆముదం చేను. ఆకు కాడ మీద కందిగింజలో సగమంత గుబ్బలుంటాయి, వాటి చుట్టూ ఎప్పుడు చూసినా చీమలే. గింజకు కూడా ఒక చివర మెత్తటి బొడిపె ఉంటుంది. కల్లంలో రాలిన గింజలను చీమలు పట్టి లాగుతుంటే పదేళ్లప్పుడు నేను వాటి వెంట గట్టు దాకా పోయాను. మరుసటి తొలకరికి ఆ పుట్ట చుట్టూ నాలుగు ఆముదం మొలకలు! "పిట్టలు వేసినయేమో" అన్నాడు నాన్న. చీమ బొడిపె మాత్రం తిని గింజను చెత్తలో పారేస్తుందని నాకు డిగ్రీలో గానీ తెలియలేదు. అప్పటికి నాన్న ఆముదం మానేసి పత్తి వేస్తున్నాడు.

ప్రశ్న: మా బడి వెనక నా కంటే ఎత్తు పుట్ట ఉంది. అంత పెద్దది చీమలు ఎట్ల కట్టినయి సార్?
– ఏడో తరగతి విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: చీమలు కట్టలేదు బిడ్డా, చెదలు కట్టాయి. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు అని సామెత ఉంది గానీ, ఆ ఎత్తైన పుట్టలు చెదలవే. చెద చీమకు చుట్టం కాదు, బొద్దింకకు చుట్టం. తొలకరి వానకు లైటు చుట్టూ మూగే ఉసిళ్లు ఆ పుట్టలోంచి వచ్చిన రెక్కల చెదలే. ఈసారి మృగశిర వానకు రాలిన వాటిని కాగితం మీద పరిచి చూడు. నాలుగు రెక్కలూ ఒకే పొడుగుంటే చెద. ముందు రెక్కలు పెద్దవై, నడుము సన్నగా ఉంటే చీమ. ఏది ఎన్ని దొరికాయో నాకు రాయి. పుట్టలో మాత్రం చెయ్యి పెట్టకు, సామెతలో పాము సంగతి నిజమే.