కౌలు చేను గొడవ, నీ పెళ్లి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు చేసుకుంటానన్న పిల్ల ఎవరమ్మాయో విన్నాక నాకూ టెన్షన్ పట్టుకుంది. అయినా వద్దని రాయడం లేదు.

ముందు చేను సంగతి. మీ నాన్న ఏళ్ల తరబడి ఆ పిల్ల వాళ్ల చేను నోటిమాట కౌలుకు చేశాడు. మక్తా బస్తాలు, అంటే కౌలు ధాన్యం, ఏనాడూ బాకీ పెట్టలేదు. గోదావరి పొంగి సార్వా పంట మునిగితే పరిహారం మాత్రం పొలం ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలో పడింది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు కార్డు 11 నెలలకే ఇస్తారు, దానికీ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ సంతకం అడిగినందుకే ఆ అమ్మాయి తండ్రి మీ నాన్నను చేను దింపేశాడు. పెద్దమనుషులంతా ఆయన అరుగు మీదే కూర్చుని తీర్పు చెప్పారు. ఊరు దీన్ని రెండిళ్ల పగ అంటుంది, నేను ఒప్పుకోను. ఒకరు అన్యాయం చేశారు, ఒకరు పడ్డారు.

ఇదంతా పెళ్లికి ముందే ఆమెకు నీ నోటితో చెప్పు. వాళ్లింట్లో ఆమె విన్న కథ వేరే ఉంటుంది. "మీ నాన్న కౌలు ఎగ్గొట్టాడట కదా" అంటే కోపం తెచ్చుకోకుండా కూర్చుని లెక్క చెప్పు. కానీ చేను తిరిగి ఇప్పించమని ఆమెను ఎన్నడూ అడక్కు. తండ్రి చేసినదానికి ఆమెను దెప్పకు, మీ అమ్మనూ దెప్పనివ్వకు. పుట్టింటి పేరెత్తి కోడలిని సాధించడం మన ఇళ్లల్లో ఎంత తేలికో నాకు తెలుసు. రేపు వాళ్లే మెత్తబడి, "పెళ్లికి ఒప్పుకుంటాం, కౌలు మాట వదిలెయ్యండి" అంటే నువ్వు తలూపకు. ఆ కష్టం మీ నాన్నది, రాజీ పడాలో వద్దో ఆయనే చెప్పాలి.

ఇక పెళ్లి. రాత్రికి రాత్రి బస్సెక్కే ఆలోచన మానుకోండి. నీకు 21, ఆమెకు 18 ఎప్పుడో నిండాయి. ఇద్దరూ హిందువులే కాబట్టి 1955 హిందూ వివాహ చట్టం చాలు, కులాలు వేరైనా అడ్డు లేదు. పద్ధతి ప్రకారం పెళ్లి చేసుకుని సబ్‌రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకోండి. నీ స్నేహితుడు చెప్పిన 1954 ప్రత్యేక వివాహ చట్టంలో 30 రోజుల నోటీసు ఆఫీసులో అంటిస్తారు. కాకినాడలో ఇచ్చినా, మీ సొంత ఊరు కోనసీమ కాబట్టి కాపీ ఇక్కడి ఆఫీసుకూ వస్తుంది. వాళ్ల నాన్న మనుషుల కంటపడటానికి ఒక్క పూట చాలు.

కిడ్నాప్ కేసు పెడతారేమో అన్నది నా అసలు భయం. ఇష్టపడే వస్తున్నానని ఆమె సొంత చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. బెదిరింపు వస్తే ఊరి స్టేషన్‌తో ఆగకు. ఎస్పీ ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకో. మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లిని పంచాయతీ పెట్టి ఆపడం చట్టవిరుద్ధమని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అలాంటి జంటలకు రక్షణ ఇవ్వమనీ చెప్పింది. ఆ తీర్పు కాపీ అర్జీకి జత చెయ్యి. ప్రాణం మీదకొస్తే 112.

ఆమె పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ ఆమె దగ్గరే ఉన్నాయో, వాళ్ల నాన్న బీరువాలో ఉన్నాయో కనుక్కుని ఆదివారంలోగా నాకు ఫోన్ చెయ్యి. మిగతావి ఆ తర్వాత మాట్లాడదాం.

మీ మామయ్య