పిల్లలతో పార్కుకి వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారం. మాది బరంపురం. మా వారు, నేను, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, డెబ్బై దాటిన మా అత్తగారు ఉంటాం. దసరా సెలవులకి విశాఖ నుంచి మా ఆడపడుచు, అన్నయ్యగారు పిల్లల్ని తీసుకుని వస్తున్నారు. వాళ్ల పెద్దమ్మాయికి పన్నెండు, చిన్నవాడికి ఏడు. అందరం కలిసి ఖుర్దా దగ్గరి వండర్‌లాకి వెళ్లాలని పిల్లలు ఒకటే గోల. రెండేళ్ల కిందట ఇలాగే ఒక పార్కుకి వెళ్తే మధ్యాహ్నానికి పాప ఏడుపు, బాబు అలక, మా వారికీ నాకూ మాటా మాటా పెరిగింది. ఇల్లు చేరేదాకా ఎవరూ నోరు విప్పలేదు. పైగా అత్తగారికి షుగర్. ఇంత డబ్బు పోసి వెళ్తున్నాం కాబట్టి ఒక్క రైడ్ కూడా వదలకూడదని మా వారి పట్టుదల. తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
ఒక సోదరి, బరంపురం

జవాబు: అమ్మా, గొడవ ఎక్కడ మొదలవుతుందో మీ ఉత్తరంలోనే ఉంది. ‘ఒక్కటి కూడా వదలకూడదు’ అన్న మాటే దానికి మూలం. బడి పిల్లల్ని విహారయాత్రలకి తిప్పినన్నాళ్లూ నేను గమనించింది ఇదే. పిల్లలు ఆటల వల్ల అలిసిపోరు. ఆకలితో క్యూలో నిలబడి, తడిబట్టలతో తిరిగి, నిద్ర ఆపుకుని అలిసిపోతారు. పెద్దవాళ్లు గడియారం చూసుకుంటూ, ‘ఇంకా ఆరున్నాయి, పదండి’ అంటూ ఆ అలసట మీద ఇంకాస్త బరువు మోపుతారు. టికెట్ డబ్బు రైడ్ల లెక్కతో రాబట్టుకునేది కాదని మీ వారికి ముందే చెప్పండి. నా పేరు చెప్పి చెప్పినా ఫరవాలేదు. ఆ రోజు వేగాన్ని నిర్ణయించాల్సింది మీ పాప నిద్ర, మీ అత్తగారి పాదాలు.

ముందు రోజు సాయంత్రం పిల్లలందరినీ గోడకి నిలబెట్టి, చెప్పులు తీయించి, టేపుతో ఎత్తు కొలవండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సగం కన్నీళ్లు దీనితోనే తప్పుతాయి. పెద్ద రైడ్లకి చాలా పార్కుల్లో 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. తొమ్మిదేళ్ల పిల్లలు చాలామంది 125, 135 మధ్యలో ఉంటారు. అంటే పన్నెండేళ్ల వదిన ఎక్కే రోలర్ కోస్టర్ మీ బాబుకి బహుశా దొరకదు. అది గంటసేపు ఎండలో నిలబడ్డాక గేటు దగ్గర తెలియడం వేరు, ఇంట్లో అన్నం తింటూ తెలియడం వేరు. ఏ రైడ్‌కి ఎంత ఎత్తు కావాలో పార్కు వాళ్లే ప్రకటిస్తారు. అది దగ్గర పెట్టుకుని, ప్రతి పిల్లా పిల్లాడూ తను ఎక్కగలిగిన వాటిలో ‘ఇది మాత్రం తప్పకుండా’ అనే ఒక్కదాన్ని ఎంచుకోవాలి. నలుగురు పిల్లలకి నాలుగు. ముందు అవి పూర్తి చేయండి. మిగతావి దొరికితే దొరికాయి.

తేదీ గురించి కూడా ఆలోచించండి. అష్టమి, నవమి రోజుల్లో ఒడిశా అంతా వీధుల్లోనే ఉంటుంది, ఆదివారం అయితే చెప్పనే అక్కర్లేదు. వారం మధ్యలో వెళ్లండి. ఇంకో మాట, అక్టోబర్‌ని మన తీరంలో నమ్మడానికి లేదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే మన పక్కన తీరం దాటాయి. అంత పెద్ద తుఫాను కాకపోయినా, ఉరుములు మెరుపులు ఉంటే రైడ్లు ఆపేస్తారు. రెండు రోజుల ముందు వాతావరణం చూసుకుని, తేదీ మార్చుకునే వీలుందో లేదో కనుక్కున్నాకే టికెట్ కొనండి.

ఈ పార్కు మన దగ్గరికి వచ్చింది 2024లో. కొచ్చి, బెంగళూరు, హైదరాబాద్ తర్వాత ఆ సంస్థకి ఇది నాలుగోది. అంతకుముందు మన పిల్లలకి ఇలాంటిది చూపించాలంటే హైదరాబాద్ ప్రయాణమే. ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు, రంభ, బాలుగావ్ దాటి తిన్నగా వెళ్లిపోవచ్చు. రైలు మీద వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. ఖుర్దా రోడ్ జంక్షన్ ఉన్నది జట్నీలో. ఖుర్దా పట్నం అక్కడికి కొంత దూరం, మళ్లీ ఆటో మాట్లాడుకోవాలి. ఇంతమందికి, అందులోనూ పెద్దావిడతో, బండి మాట్లాడుకోవడమే సుఖం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ‘ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం, పూరీలో దర్శనం చేసుకుని, నందన్‌కానన్ జూ కూడా చూసి వచ్చేద్దాం’ అని ఎవరో ఒకరు అంటారు. ప్రతి ఇంట్లోనూ అంటారు. ఒప్పుకోకండి. జగన్నాథుడి దర్శనానికి ప్రశాంతంగా వేరే రోజు వెళ్లండి. తిరుగు ప్రయాణంలో బాలుగావ్ రొయ్యల కోసం బండి ఆపమన్నా వద్దనండి. నిద్రపోయిన పాపని లేపి హోటల్లో కూర్చోబెడితే, రోజంతా దాచుకున్న ఏడుపు అక్కడ బయటికొస్తుంది.

తిండి మాటకొస్తే, మందులు, పసిపిల్లల ఆహారం తప్ప బయటి తిండి మామూలుగా లోపలికి రానివ్వరు. గేటు దగ్గర వాదించి లాభం లేదు. తెల్లవారుజామున ఇడ్లీ పెట్టి బయల్దేరదీయండి. లోపలికి వెళ్లే ముందు బండి దగ్గరే పులిహోర, పెరుగన్నం కడుపు నిండా పెట్టండి. మరో గిన్నె పులిహోర సాయంత్రానికి బండిలో ఉంచండి. పెరుగన్నం మాత్రం ఉంచకండి, ఎండకి పులిసిపోతుంది. లోపల మధ్యాహ్నం ఒక్క పూట కొనుక్కుంటే సరిపోతుంది. ఆ పూట ఒంటిగంట దాటనివ్వకండి. ఆ వేళకి క్యూ ఎంత ముందుకు జరిగినా సరే, వదిలేసి వచ్చి తినండి. తిన్న వెంటనే గిర్రున తిరిగే రైడ్లు ఎక్కించొద్దు. కళ్లు చెప్పేది ఒకటి, చెవి లోపల ఒంటి తూకం చూసే భాగం చెప్పేది ఇంకొకటి అయినప్పుడు కడుపులో తిప్పుతుంది. నిండు కడుపుతో అయితే వాంతి ఖాయం.

అందుకే పొద్దున పొడి రైడ్లు, భోజనం, కాసేపు నీడలో విశ్రాంతి, ఆ తర్వాత నీళ్లు. ఒకసారి తడిశాక పిల్లలు నీళ్లలోంచి బయటికి రారు. వచ్చినా తడిబట్టలతో వణుకుతూ క్యూలో నిలబడలేరు. నీళ్లలో ఆడేవాళ్లకి దాహం తెలియదు, కానీ చెమట మాత్రం పడుతూనే ఉంటుంది. కాబట్టి అడగకపోయినా మధ్యమధ్యలో తాగించండి. ఓఆర్ఎస్ కలిపితే పొట్లం మీద రాసినట్టే కలపండి. లీటరు పొట్లాన్ని చిన్న గ్లాసులో కలిపి ఇవ్వడం పిల్లలకి మంచిది కాదు.

బట్టలు. నూలు బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు. నూలు నీళ్లలో నూగు వదులుతుంది, అది వడపోత యంత్రాల్లో పేరుకుంటుంది. తడిస్తే బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది కూడా. నైలాన్, పాలిస్టర్ బట్టలు ఇంటి దగ్గరే చూసుకుని సర్దండి. మీరూ, మీ ఆడపడుచూ రైడ్లు ఎక్కేట్టయితే చీర, చున్నీ వద్దు. చున్నీ యంత్రంలో చిక్కుకుని ప్రాణాల మీదకి వచ్చిన సంగతులు పత్రికల్లో చదివాం.

మీ అత్తగారి విషయం. ఆవిడని ‘మీరు ఇక్కడ కూర్చోండి’ అని బెంచీకి అప్పగించేసి వెళ్లిపోకండి. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ఎండకి కాలిన సిమెంటు మీద చెప్పుల్లేకుండా నడిస్తే బొబ్బలు లేచినా తెలియదు. తడిసి మెత్తబడిన చర్మం తేలిగ్గా చీరుకుంటుంది. అందుకని నీళ్ల దగ్గర కూడా ఆవిడ కాళ్లకి పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు ఉండాలి. రాత్రి ఇంటికొచ్చాక మీరే కూర్చుని ఆవిడ అరికాళ్లు, వేళ్ల సందులు లైటు వెలుతురులో చూడండి. మందు వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోజ్ గానీ పంచదార నీళ్లు గానీ ఇవ్వాలి. అది మీ సంచిలో కాదు, ఆవిడ చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ వాడుతుంటే ఎండలో నిలిపిన బండిలో వదలొద్దు.

తొమ్మిదిమంది కట్టగట్టుకుని తిరగకండి. పెద్ద పిల్లలతో మీ వారు, ఆడపడుచు వెళ్లనివ్వండి. పాప, అత్తగారు, మీరు, అన్నయ్యగారు చిన్నపిల్లల రైడ్ల దగ్గర ఉండండి. భోజనం దగ్గర కలుసుకుని, తర్వాత పెద్దవాళ్లు చోట్లు మార్చుకోండి. రోజంతా ఒక్కరే పాపని ఎత్తుకుని నిలబడితే ఆ కోపం ఎక్కడో ఒక చోట బయటపడుతుంది. మీ పాత గొడవలో పాపని ఎత్తుకున్నది ఎవరో ఒకసారి గుర్తు చేసుకోమని మీ వారిని అడగండి.

గేటు దగ్గర నలుగురు పిల్లలకీ ఆ రోజు వేసుకున్న బట్టలు కనిపించేలా ఫోన్లో ఫొటో తీయండి. నీళ్లకి చెరగని మార్కర్‌తో మోచేతి లోపలి వైపు మీ నంబరు రాయండి. మీ పిల్లలకి ఒడియా వచ్చు, తప్పిపోయినా చెప్పుకోగలరు. విశాఖ పిల్లలకి రాదు. ఏడేళ్లవాడికి నాన్న పేరు, ఊరు, ఫోన్ నంబరు ఒడియాలో చెప్పడం మీ బాబు చేతే నేర్పించండి, రెండు రోజుల్లో వచ్చేస్తుంది. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దని, యూనిఫాం వేసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి అక్కడే నిలబడమని చెప్పండి.

మూసేదాకా ఉండకండి. గంట ముందే బయల్దేరండి. అందరూ ఒకేసారి బయటికొచ్చే వేళకి మీరు రోడ్డెక్కి ఉండాలి.

ప్రశ్న: నమస్కారమమ్మా. నా వయసు 66. బీపీ మాత్రలు వేసుకుంటాను. మనవలు పార్కుకి రమ్మంటున్నారు. మా అబ్బాయేమో ‘మీరొస్తే సంచులు చూసుకోవచ్చు’ అన్నాడు. మనసుకి కష్టం అనిపించింది. నేను వెళ్లాలా? వెళ్తే ఏదైనా ఎక్కవచ్చా?
ఒక తాతయ్య, పర్లాకిమిడి

జవాబు: అన్నయ్యగారూ, తప్పకుండా వెళ్లండి. సంచుల కోసం మాత్రం వద్దు. సంచులకి అద్దె లాకర్లు ఉంటాయి, ఆ డబ్బు మీ అబ్బాయిని కట్టమనండి. అతను చెడు ఉద్దేశంతో అనలేదు, ఆలోచించకుండా అన్నాడు. అయినా మీకు బాధ కలిగిందని అతనికి చెప్పడం మంచిది. మనసులో పెట్టుకుని వెళ్తే ఆ రోజు మీకూ బాగుండదు.

రోలర్ కోస్టర్ లాంటివి వద్దు. ఒక్కసారిగా కిందకి పడేటప్పుడు గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. గుండె జబ్బు, బీపీ, మెడా నడుమూ నొప్పులు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కకూడదని ఆ రైడ్ల దగ్గర బోర్డులే ఉంటాయి. నెమ్మదిగా నడిచేవి మీ డాక్టరుగారిని అడిగి ఎక్కండి. ఆ పూట మాత్ర మానొద్దు.

ఇంకో ఆలోచన చెబుతాను. మరో రోజు మనవలని మీరే నందన్‌కానన్‌కి తీసుకెళ్లండి. 1980లో మామూలు రంగు పులులకి అక్కడ తెల్లపులి పిల్లలు పుట్టాయి. తల్లి పేరు గంగ, తండ్రి పేరు దీపక్. ఆ కథ చెబుతూ మీరు ముందు నడిస్తే పిల్లలే మీ వెనక వస్తారు. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

ప్రశ్న: మా బాబు ఒక రైడ్‌కి రెండు సెంటీమీటర్లు తక్కువ. మడమ ఎత్తున్న బూట్లు వేస్తే సరిపోతుందని మా మరిది అంటున్నాడు. పిల్లాడు ఆశ పెట్టుకున్నాడు. వేయమంటారా?
ఒక తల్లి, రాయగడ

జవాబు: వద్దమ్మా, ఎంతమాత్రం వద్దు. కూర్చున్నాక ఒడి మీదకి దిగే కమ్మీ తొడల మీద, తుంటి దగ్గర గట్టిగా ఆనాలి. అంత ఎదగని ఒళ్లు ఆ కమ్మీ కింద సందులోంచి జారిపోగలదు. బూట్లు కొలకర్రని దాటిస్తాయి గానీ తుంటిని పెంచవు. మీ మరిదికి ఈ సంగతి ఇలాగే చెప్పండి, అర్థం చేసుకుంటాడు. బాబుకి ఈ రోజే చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత వాడి ఎత్తుకి సరిపడేవి వాడినే ఎంచుకోనివ్వండి. అక్కడికి వెళ్లాక ఆపరేటర్ వద్దంటే, పిల్లాడి ఎదుట అతనితో వాదానికి దిగొద్దని ఇంట్లో మగవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.