ఉట్నూరు గూడేల్లో పిల్లలకి ప్రొటీన్ పౌడర్ పంచాలా, అంగన్‌వాడీతో కలిసి పనిచేయాలా?

ఫ్రెండ్స్ అంతా కొంత డబ్బు పోగేశామని, ఉట్నూరు వైపు గూడేల్లో చిన్నపిల్లలకి ప్యాకెట్లు పంచాలా లేక అంగన్‌వాడీతో కలవాలా అని అడిగారు కదా, నేను ఆ చుట్టుపక్కలే ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున నాలుగేళ్లు తిరిగాను. దయచేసి ప్యాకెట్లు కొనకండి.

మొదటి ఏడాది మేమూ అదే చేశాం. దాత పంపిన పొడి జీపులో వేసుకెళ్లి ఇంటింటికీ ఇచ్చి, ఫొటోలు దిగి వచ్చేశాం. నెల తర్వాత ఒకింటికి వెళ్తే మా ప్యాకెట్టూ, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి ప్యాకెట్టూ పక్కపక్కనే సగం సగం ఉన్నాయి. "ఏది పెట్టాల్నో తెల్వక రెండూ కొంచెం కొంచెం పెడుతున్న సార్, పెద్ద పిల్లలు గూడ తింటున్నరు" అందామె. బిడ్డ బరువు మాత్రం అక్కడే ఉంది. ఆ రోజు నాకు నిజంగా తలకొట్టేసినట్టయింది.

తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకి నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు రావాలి. మూడేళ్లు దాటితే అంగన్‌వాడీ కేంద్రంలోనే అన్నం, గుడ్డు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకి, బాలింతలకి రోజూ ఒక పూట పప్పన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇంత ఉన్నాక మనం ఇంకో పొడి తెచ్చి పెట్టడం ఎందుకు? సరుకు పిల్లాడి నోటిదాకా చేరకుండా ఎక్కడ ఆగుతోందో చూడాలి, డబ్బు అక్కడ పెట్టాలి.

మాకు అది ఒక తూకం యంత్రం దగ్గర దొరికింది. దూలానికి వేలాడదీసి, నిక్కరు లాంటి సంచిలో పిల్లాణ్ణి కూర్చోబెట్టి తూచే గడియారం త్రాసు. సంచి ఖాళీగా ఉన్నా ముల్లు సున్నా దాటి 400 గ్రాముల దగ్గర నిలబడి ఉంది, ఎవరూ గమనించలేదు. ఎనిమిది కిలోల బిడ్డకి 400 గ్రాములంటే మాటలా! బరువు చార్టులో ఎరుపులో (బరువు మరీ తక్కువ) ఉండాల్సిన పిల్లలు పసుపులో (కొంత తక్కువ) కనబడుతున్నారు. ఎరుపులో పడ్డవాళ్లకి రోజుకి 500 కేలరీలకి బదులు 800 కేలరీల ఆహారం ఇవ్వాలని రూలు ఉంది, కానీ లెక్కలో ఎరుపే లేకపోతే ఆ అదనపు తిండి ఎవరికి పోతుంది? త్రాసు బాగు చేయించి మళ్లీ తూస్తే ఆ ఒక్క కేంద్రంలోనే ఐదుగురు ఎరుపులో ఉన్నట్టు తేలింది.

ఇంకోటి వాగులు. వానాకాలంలో దారి తెగితే గుడ్ల ఆటో అవతలికి రాదు, అవతలున్న గూడేనికి పది పదిహేను రోజులు ఏమీ అందదు. మేం అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌తో మాట్లాడి, సరుకు ముందే దింపుకోవడానికి ఎలకలు చొరబడని రేకు డబ్బాలు కొనిచ్చాం. చిన్న ఖర్చే, పైగా ఫొటోకి కూడా పనికిరాదు, కానీ మేం చేసిన వాటిలో బాగా పనికొచ్చింది అదే.

తిండే ఇవ్వాలనుకుంటే గిరిజనుల కోసం పెట్టిన గిరి పోషణ అనే పోషకాహార కార్యక్రమం ఎలా నడిచిందో చూడండి. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, గిరిజన సంక్షేమ శాఖ కలిసి జొన్నలతో చేసిన ఆహారాన్ని అంగన్‌వాడీల ద్వారానే ఇచ్చాయి. జొన్న అక్కడి ఇళ్లలో తినేదే, కొత్తగా అలవాటు చేయక్కర్లేదు.

ముందు సీడీపీఓని (ఆ ప్రాంత అంగన్‌వాడీలన్నీ చూసే అధికారి) కలిసి ఎవరు ఏం చేస్తారో కాగితం మీద రాసుకోండి, ఒక్క సెక్టార్‌తో (ఒక సూపర్‌వైజర్ కింద ఉండే కేంద్రాలు) మొదలెట్టండి. టీచర్‌కి మీ తరఫున కొత్త రిజిస్టర్ మాత్రం ఇవ్వకండి, ఇప్పటికే ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో వివరాలు నింపలేక ఆమె టెన్షన్ ఆమెకుంది. కేంద్రంలో వంట, సాయం చేసే ఆయమ్మతో విడిగా కూర్చుని మాట్లాడండి, గుడ్లు ఎన్ని పగిలి వస్తాయో, గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో ఆమెకే తెలుసు. వానలు మొదలవకముందే వెళ్లండి, వెళ్లేటప్పుడు కిరాణా కొట్లో అడిగి ఒక ఐదు కిలోల తూకపు రాయి వెంట తీసుకెళ్లండి, ప్రతి కేంద్రంలోనూ ముందు దాన్ని తూచి చూడండి.