పాథోఫిజియాలజీ తప్పుతోందని అమ్మాయిని నర్సింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది. మొదటి ఏడాది అన్నీ పాసైంది. ఇప్పుడు పాథోఫిజియాలజీ (జబ్బు చేసినప్పుడు ఒంట్లో ఏం మారుతుందో చెప్పే సబ్జెక్టు) ఇంటర్నల్ పరీక్ష రెండుసార్లు తప్పింది. రాత్రి ఒంటిగంట దాకా చదువుతుంది, తెల్లారేసరికి ఏదీ గుర్తుండటం లేదని ఏడుస్తుంది. తోటి పిల్లలు వీడియో కోర్సులు, క్వశ్చన్ బ్యాంకులు కొనుక్కున్నారట. పాఠ్యపుస్తకం మంచిదా, ఇవి మంచివా, పోల్చి చెప్పండి. అసలు డాక్టర్లు చదవాల్సిన సబ్జెక్టు నర్సులకి ఇంత లోతుగా ఎందుకు? తనకి జ్ఞాపకశక్తి తక్కువేమోనని మా భయం. వేరే కోర్సుకి మార్చమంటారా?

జవాబు: అమ్మా, మీరు పైకి అడిగింది పుస్తకమా వీడియోనా అని. లోపల అడుగుతున్నది ‘మా పిల్ల దీనికి పనికొస్తుందా’ అని. ముందు దానికే చెబుతాను: పనికొస్తుంది. ఏటా ఇదే సబ్జెక్టు దగ్గర ఇదే భయంతో ఉత్తరాలు వస్తాయి. వాటిలో జ్ఞాపకశక్తి నిజంగా తక్కువైన పిల్లలు దాదాపు కనబడరు. మొదటి ఏడాది ఎముకల పేర్లు, కండరాల పేర్లు బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. రెండో ఏడాది అదే పద్ధతి పట్టుకుని కూర్చుంటే బండి కదలదు. పేజీకి ఇరవై లక్షణాలుంటాయి, ఒకదానితో ఒకటి కలిపే దారం తెలియకపోతే అవి తెల్లారేసరికి రాలిపోతాయి. ఎవరికైనా రాలిపోతాయి.

ఇక ‘డాక్టర్ల సబ్జెక్టు నర్సులకెందుకు’ అన్న మాట. కోపం తెచ్చుకోకండి గానీ, ఈ మాట మీరు తన ముందు ఇప్పటికే అని ఉంటే సగం నష్టం అక్కడే జరిగింది. చదువుతున్నది తనకి అక్కర్లేనిదని ఇంట్లోనే వింటే ఏ పిల్ల మనసు పెడుతుంది? డాక్టరు రోగిని రోజుకి ఒకటి రెండుసార్లు చూసి వెళ్తాడు. మిగతా గంటలన్నీ మంచం పక్కన ఉండేది నర్సు. చెడు మొదలైనప్పుడు ముందుగా కళ్లబడేది ఆమెకే, కంటికి కనబడింది బుర్రకి అర్థమైతేనే.

ఒక ఉదాహరణ చూడండి. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆపరేషన్ తర్వాత లోపలెక్కడో రక్తం కారుతోందనుకోండి. 750 మిల్లీలీటర్ల దాకా పోయినా పైకి పెద్దగా తెలియదు. 750 నుంచి 1500 మధ్యలో పల్స్ 100 దాటుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి కాస్త కంగారుగా ఉంటాడు. పై బీపీ మాత్రం మామూలుగానే ఉంటుంది. రక్తం తగ్గిందని పసిగట్టిన శరీరం రక్తనాళాలని బిగించి, గుండెని వేగంగా కొట్టించి బీపీని నిలబెడుతుంది. నాళాలు బిగిశాయి కాబట్టి కింది బీపీ కొంచెం పెరిగి, రెండు అంకెల మధ్య తేడా తగ్గుతుంది. పై బీపీ పడిపోయేసరికి నష్టం సాధారణంగా 1500 దాటి ఉంటుంది. ‘బీపీ 118/90, నార్మల్’ అని చార్టులో రాసి వెళ్లిపోయే నర్సు ఉంటుంది. ‘పల్స్ 116, గంటకి మూత్రం 20 మిల్లీలీటర్లే, బీపీ అంకెల మధ్య తేడా తగ్గుతోంది’ అని వెంటనే ఫోన్ చేసే నర్సూ ఉంటుంది. రోగి బరువుకి గంటకి కిలోకి అర మిల్లీలీటరు చొప్పున కనీసం 35 రావాలని ఈవిడకి తెలుసు. రోగి బీటా బ్లాకర్ మాత్రలు (గుండె వేగాన్ని తగ్గించేవి) వేసుకునేవాడైతే పల్స్ కూడా పెరక్కపోవచ్చని, దాన్ని నమ్ముకోకూడదని కూడా తెలుసు. మీరు ‘డాక్టర్ల సబ్జెక్టు’ అన్నది ఇదే.

ఇప్పుడు మీ అమ్మాయికి. ఈ పేరా నుంచి తననే చదవమనండి.

పాథోఫిజియాలజీ తప్పే పిల్లల్లో లోపం చాలాసార్లు పాథోఫిజియాలజీలో ఉండదు, దాని కింది అంతస్తులో ఉంటుంది. పుస్తకం మూసి ఈ నాలుగూ ఒక్కొక్కటి రెండు నిమిషాలు గట్టిగా చెప్పి చూడు. ఆల్డోస్టిరోన్ కిడ్నీలో ఏం చేస్తుంది? ఇన్సులిన్ లేకపోతే కణంలోకి ఏది పోదు? ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పీహెచ్ ఎటు పోతుంది? కేశనాళికలోంచి నీరు బయటికి ఎందుకు వస్తుంది, లోపలే ఎందుకు నిలుస్తుంది? ఎక్కడ నోరు ఆగిపోయిందో, మొదటి ఏడాది ఫిజియాలజీ పుస్తకంలో ఆ పేజీలే తీయి. పుస్తకమంతా మళ్లీ మొదలెట్టొద్దు, అది ఇంకో ఊబి.

నాలుగో ప్రశ్న చాలా విలువైనది. ఇంగ్లండు ఫిజియాలజిస్టు ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో చెప్పిన లెక్క అది: నాళంలోని రక్తపు ఒత్తిడి నీటిని బయటికి తోస్తుంది, రక్తంలోని ప్రొటీన్లు, ముఖ్యంగా ఆల్బుమిన్, దాన్ని లోపలికి లాగి పట్టుకుంటాయి. ఇది అర్థమైతే కాళ్ల వాపు గురించి ఏ అధ్యాయమూ బట్టీ పట్టక్కర్లేదు. గుండె బలహీనపడితే తోసే ఒత్తిడి పెరిగి వాపు. లివర్ ఆల్బుమిన్ తయారుచేయలేకపోయినా, కిడ్నీ దాన్ని మూత్రంలోకి వదిలేస్తున్నా, లాగే బలం తగ్గి వాపు. కాలిన గాయంలో, ఎలర్జీలో నాళాల గోడలకి సందులు పడి వాపు. లింఫ్ దారి మూసుకుపోతే, మిగిలిన నీటిని తీసుకెళ్లే కాలువ లేక వాపు. కనిపించేది ఒక్కటే వాపు, కారణాలు నాలుగు. అందుకే ఒక రోగికి నీరు తగ్గించే మాత్ర బాగా పనిచేస్తుంది, లింఫ్ వాపు ఉన్నవాళ్లకి పెద్దగా పనిచేయదు.

చదివే పద్ధతికి పెద్ద హంగులేమీ వద్దు. తెల్లకాగితం ఒకటి అడ్డంగా పెట్టు. ఎడమ చివర కారణం, అక్కడి నుంచి బాణాలు: కణంలో ఏం మారింది, అవయవంలో ఏం మారింది, శరీరం దాన్ని ఎలా సర్దుకోబోయింది, ఆ సర్దుబాటు వల్ల ఏం చెడింది, మంచం మీద ఏం కనబడుతుంది, రక్తపరీక్షలో ఏ అంకె మారుతుంది. ప్రతి బాణం కింద ‘ఎందుకంటే’ అని రాసి వాక్యం పూర్తి చేయి. పూర్తి కాని బాణమే నీకు రాని పాఠం.

హార్ట్ ఫెయిల్యూర్‌తో మొదలుపెట్టు. పంపు బలహీనపడింది, కిడ్నీకి వచ్చే రక్తం తగ్గింది. కిడ్నీకి గుండె సంగతి తెలియదు, ఒంట్లో నీళ్లు తక్కువయ్యాయనుకుని రెనిన్ వదులుతుంది. దాని వల్ల తయారయ్యే ఆంజియోటెన్సిన్ నాళాలని బిగిస్తుంది, అది విడుదల చేయించే ఆల్డోస్టిరోన్ హార్మోను ఉప్పునీ దానితోపాటు నీటినీ ఆపేస్తుంది. అసలే అలిసిన పంపు మీద ఇంకా బరువు పడింది. రక్తం వెనక్కి ఎగదన్నింది. గుండె ఎడమ వైపు ఎగదన్నితే ఊపిరితిత్తుల్లోకి: పడుకుంటే ఆయాసం, స్టెతస్కోపులో చిటపట శబ్దాలు. కుడి వైపు ఎగదన్నితే ఒంట్లోకి: మెడ నరాలు ఉబ్బడం, కాళ్ల వాపు. ఇప్పుడు ఎర్ర పెన్ను తీసి మందులు ఈ బాణాల గొలుసుని ఎక్కడ తెంచుతున్నాయో గుర్తుపెట్టు. ఎనాలప్రిల్ ఆంజియోటెన్సిన్ తయారీ దగ్గర, ఫ్యూరోసెమైడ్ కిడ్నీలో ఉప్పు తిరిగి పీల్చుకునే చోట. రెండోది ఉప్పుతోపాటు పొటాషియాన్నీ బయటికి పంపేస్తుంది, కాబట్టి ఆ అంకె చూడాలి. మామూలుగా అది 3.5 నుంచి 5.0 మధ్య ఉండాలి. ఆకుపచ్చ పెన్నుతో నర్సు పని రాయి: తల ఎత్తుగా కూర్చోబెట్టడం, రోజూ ఒకే వేళకి, ఒకే తూకం మీద బరువు చూడటం. ఒక కిలో బరువంటే సుమారు లీటరు నీరు. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగాడంటే అది కొవ్వు కాదు.

ఒక్క జబ్బుకి ఒక్క కాగితం, యాభై నిమిషాలు చాలు: పది నిమిషాలు మామూలు ఫిజియాలజీ గుర్తుచేసుకోవడానికి, ఇరవై చదవడానికి, పదిహేను పుస్తకం మూసి రాయడానికి, ఐదు దిద్దుకోవడానికి. మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు మళ్లీ ఖాళీ కాగితం మీద. చూసి రాసే నోట్సు, రంగురంగుల గీతలు చేతికి పని, బుర్రకి విశ్రాంతి. గొలుసుని ముందు తెలుగులో పైకి చెప్పు. ‘సిస్టమిక్ వీనస్ కంజెషన్’ అని ఆగిపోయే వాళ్లకి మాట తెలుసు, సంగతి తెలియదు. ‘రక్తం వెనక్కి ఎగదన్నింది’ అనగలిగిన తర్వాత ఇంగ్లిషు పేరు తగిలించుకోవడం ఒక్క పూట పని.

వరసలో తొందరపడొద్దు. పిల్లలు సాధారణంగా కణం అధ్యాయాలు దాటేసి నేరుగా గుండె, కిడ్నీ అధ్యాయాలకి దూకుతారు. కణం దెబ్బతినడం, ఇన్‌ఫ్లమేషన్, నీరూ లవణాలూ, యాసిడ్-బేస్, షాక్: ఈ ఐదూ గట్టిగా వస్తే తర్వాతి అధ్యాయాల్లో తెలిసిన ముఖాలే ఎక్కువ కనబడతాయి.

ఇక క్వశ్చన్ బ్యాంకులు. అమ్మా, వీటి మీద నాకున్న అనుమానం కొంచెం పెద్దది. మొదటి ఏడాది నుంచే లైసెన్సు పరీక్ష ప్రశ్నలు రోజుకి వంద చొప్పున చేయించడం ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు. వంద ప్రశ్నలు చేసిన పిల్లకి జవాబుల ఆకారం అలవాటవుతుంది. ప్రశ్నలో ఏ మాట కనబడితే ఏ ఆప్షన్ నొక్కాలో తెలుస్తుంది. స్కోరు కూడా పెరుగుతుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. వార్డులో ఆప్షన్లు ఉండవు.

‘సీఓపీడీ రోగికి ఆక్సిజన్ ఎక్కువ ఇవ్వకూడదు’ అన్న ఒక్క లైను తీసుకోండి. సీఓపీడీ అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు. ఫ్లాష్ కార్డు మీద అంతే ఉంటుంది. దాన్ని అలాగే మింగిన పిల్ల, రోగి ఆక్సిజన్ శాతం 80కి పడిపోయి నీలం తిరుగుతున్నా గొట్టం పెట్టడానికి జంకుతుంది. అసలు విషయం: ఆక్సిజన్ తక్కువైతే తప్పకుండా ఇవ్వాలి, కొలిచి ఇవ్వాలి, 88 నుంచి 92 శాతం మధ్య ఉంచాలి. అంతకు మించి పోస్తే, గాలి సరిగా ఆడని భాగాలకి కూడా రక్తం మళ్లుతుంది, హిమోగ్లోబిన్ తాను మోసే కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేస్తుంది, రక్తంలో అది పేరుకుంటుంది. ఈ కారణం తెలిసిన పిల్ల భయపడి మానదు, అలవాటుగా పెంచెయ్యదు.

డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లోనూ (షుగర్ రోగికి ఇన్సులిన్ కరువై రక్తం ఆమ్లంగా మారే స్థితి) ఇదే చిక్కు. రక్తపరీక్షలో పొటాషియం మామూలుగానో ఎక్కువగానో కనబడుతుంది, ఒంట్లో మాత్రం తక్కువే ఉంటుంది, ఎందుకంటే కణాల్లోంచి బయటికి వచ్చింది మూత్రంలో పోతోంది. ఇన్సులిన్ ఎక్కించగానే రక్తంలో ఉన్నది కణాల్లోకి పరిగెడుతుంది, అంకె ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే పొటాషియం చూడకుండా ఇన్సులిన్ మొదలుపెట్టరు. అది బాగా తక్కువుంటే ముందు దాన్ని ఎక్కించాకే ఇన్సులిన్. జవాబు ‘పొటాషియం చూడాలి’ అని బ్యాంకు నేర్పుతుంది, ఏ గంటలో ఎందుకు చూడాలో గొలుసు నేర్పుతుంది.

బ్యాంకు పనికిరాదని అనడం లేదు. ఒక అధ్యాయం కాగితాలు పూర్తయ్యాక పదిహేను ఇరవై ప్రశ్నలు, తప్పైన ప్రతిదానికీ ఏ బాణం దగ్గర తెగిందో వెతకడం, అంతవరకు మంచి పరికరం. మీరు అడిగిన పోలిక కూడా దీంతోనే తేలిపోతుంది. అసలు చదువుకి పాఠ్యపుస్తకం. గుండె కవాటాలు, కిడ్నీ గొట్టాలు లాంటి కదిలే విషయాలు బొమ్మతో తెలియకపోతే పది నిమిషాల వీడియో. పరీక్షించుకోవడానికి బ్యాంకు. మూడూ కొనక్కర్లేదు, మొదటిది తన దగ్గర ఇప్పటికే ఉండి ఉంటుంది.

రాత్రి ఒంటిగంట చదువు ఆపించండి. ఇందులో మీ వాటా కూడా ఉంది. ఎక్కువ గంటలు కూర్చుంటే శ్రద్ధ, తొందరగా పడుకుంటే బద్ధకం అన్న లెక్క పిల్లలకి సాధారణంగా ఇంట్లోనే అలవాటవుతుంది. చదివింది నిలబడేది నిద్రలోనే, ఏడు గంటల నిద్రని కోసేసి గుర్తుండటం లేదని ఏడిస్తే ఏం లాభం? మీ ఉత్తరంలో తోటి పిల్లలు కొన్న కోర్సుల సంగతి ఉంది, తప్పిన రెండు పరీక్షల్లో ఏ ప్రశ్నలకి మార్కులు పోయాయో ఒక్క ముక్క లేదు. అడిగారా?

కోర్సు మార్చాలా అంటే, రెండు ఇంటర్నల్ పరీక్షలు ఆ మాట చెప్పలేవు. వార్డు పోస్టింగ్ నుంచి వచ్చిన రోజు తన ముఖం చూడండి. రోగి గురించి చెబుతూ అన్నం చల్లారిపోనిస్తే భయం పరీక్షదే. రోగి ఒళ్లు తాకడమే, వాంతి రక్తం చూడటమే నెలల తరబడి భరించలేకపోతే అప్పుడు మాట్లాడదాం, అది పాథోఫిజియాలజీ మార్కులతో సంబంధం లేని వేరే సంగతి.

ఈ వారం తన చేత ఒక పని చేయించండి, మీరు చేయకండి. రెండు జవాబు పత్రాలూ పట్టుకుని పాఠం చెప్పే మేడమ్ దగ్గరికి వెళ్లి, పోయిన ప్రతి మార్కు పక్కన మూడిట్లో ఒకటి రాసుకోమనండి: ఫిజియాలజీ రాలేదు, గొలుసు తెగింది, ప్రశ్న సరిగా చదవలేదు. మొదటిది ఎక్కువైతే పాత పుస్తకం, రెండోది ఎక్కువైతే తెల్లకాగితాలు, మూడోది ఎక్కువైతే బ్యాంకు కొనొచ్చు.