మూడో వచనం మీకు, ఏడో వచనం ఆయనకు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర లూథరన్ కుటుంబం. ఏడాది క్రితం నరసాపురం వైపు, బ్రదరన్ సంఘానికి వెళ్లే ఇంటికి కోడలిగా వచ్చాను. సచివాలయంలో వ్యవసాయ సహాయకురాలిని. పంట నమోదంటే రోజంతా చేలగట్ల మీదే, ఎండకి బాగా నల్లబడ్డాను. చుట్టాలొస్తే మావారు "పెళ్లిచూపుల్లో చూసిన పిల్ల ఈవిడేనా" అని నవ్వుతారు. ఎవరో చెబితే మందుల షాపులో క్రీము కొని అయిదు నెలలుగా రాస్తున్నాను. మొదట్లో తెల్లబడ్డాను. ఇప్పుడు మొహం ఎర్రబడి మండుతోంది, మానితే ఇంకా ఎక్కువవుతోంది. అత్తయ్యగారేమో పేతురు పత్రిక చూపించి, అలంకారం లోకాశ అని కమ్మలు, గాజులు, గొలుసు తీయించారు. భర్తకి అందంగా కనబడాలనుకోవడం పాపమా?

జవాబు: పాపం కాదమ్మా. ఆ సంగతికి వస్తాను గానీ ముందు మొహం చూపించుకోవాలి, అది ఆగేది కాదు.

క్రీము ట్యూబు మీద సన్నటి అక్షరాలు చదవండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసోల్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. దానితోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపిన రకమూ ఉంది. మంగుమచ్చలకి కొద్ది వారాలపాటు డాక్టరు కనిపెట్టి వాడించే మందు అది, చీటీ లేకుండా అమ్మకూడనిది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలొస్తాయి, కొందరికి మొహం మీద వెంట్రుకలు కూడా. మానగానే మంట, ఎరుపు ముందుకంటే ఎక్కువగా తిరగబెడతాయి. దాంతో క్రీము ఉంటేనే బాగుంటోందని మళ్లీ రాస్తారు. మీరిప్పుడు ఉన్నది సరిగ్గా అక్కడే. కాబట్టి సొంతంగా మానడమూ వద్దు, కొనసాగించడమూ వద్దు. ఈ వారంలోనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ట్యూబు, అట్టపెట్టె పట్టుకెళ్లండి, ఎన్నాళ్లు, రోజుకి ఎన్నిసార్లు రాశారో దాచకుండా చెప్పండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లే చెబుతారు. బిడ్డ కోసం చూస్తుంటే అది మొదటే చెప్పండి, ట్రెటినాయిన్ గర్భిణులకి పనికిరాదు. నిమ్మరసం, శనగపిండి, బ్లీచింగ్ వంటివేవీ ఈ స్థితిలో మొహానికి తాకించకండి.

మంట తగ్గాక డాక్టరు సరేనంటే ఎండ కాచే లోషన్ వాడొచ్చు. ఎస్పీఎఫ్ (ఎండను ఆపే శక్తిని చూపే అంకె) 30కి తగ్గనిది, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు చారలంత మొహానికీ మెడకీ కలిపి రాయాలి. చేలో ఉన్నంతసేపు 2 గంటలకోసారి మళ్లీ రాయాలి. ఒక్క చుక్కతో సరిపెట్టి పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ. నీళ్లు పెట్టిన దాళ్వా (రెండో పంట) వరిచేలో వెలుగు కిందినుంచి కూడా కొడుతుంది, అందుకే టోపీతోపాటు పొడుగు చేతుల నూలు చొక్కా, మొహం చుట్టూ చున్నీ ఉండాలి. ఇదంతా చర్మం మాడకుండా ఉండటానికి, తెల్లబడటానికి కాదు. మీ సహజమైన రంగు తిరిగి రావడానికే నెలలు పడుతుంది.

ఇక మీవారి మాట. బైబిల్లోని పరమగీతము మొదటి అధ్యాయంలో పెళ్లికూతురు తాను నల్లనిదాననైనా సౌందర్యవంతురాలనని చెప్పుకుంటుంది. అన్నదమ్ములు ద్రాక్షతోటలకి కాపు పెట్టారు, అందుకే ఎండ తగిలింది, చిన్నచూపు చూడకండి అంటుంది. మీ నలుపూ పనిలో వచ్చిందే. ఆ జీతం ఇంట్లోకే వస్తోంది కదా! నాలుగో అధ్యాయంలో ప్రియుడు ఆమె కళ్లు, జుట్టు, పళ్లు, పెదవులు ఒక్కొక్కటీ పేరు పెట్టి మెచ్చుకుంటాడు, ఒళ్లు తెల్లనిదని ఎక్కడా అనడు. భార్య అందాన్ని నోరారా మెచ్చుకోవడం బైబిల్లో ఉన్నదే. కాబట్టి ఆయన కళ్లకి నచ్చాలనుకోవడంలో తప్పు వెతక్కండి.

ఆయనతో మాట్లాడేది అన్నం వడ్డిస్తూనో, చుట్టాలు వెళ్లిన వెంటనేనో కాదు. ఇద్దరికీ ఆకలి, అలసట లేని వేళ చూసి, ఫోన్లు పక్కన పెట్టి, జరిగిన ఒక్క సంగతే ఎత్తండి. "మొన్న మీ మేనమామగారి ముందు అన్న మాటకి నాకు చాలా సిగ్గేసిందండీ. ఆ మాటల వల్లే ఈ క్రీముకి దిగాను, మొహం ఇలా అయింది. ఇకమీదట నలుగురిలో నా రంగు ఊసెత్తకండి." అంతే. జరిగింది, తగిలింది, కావలసింది. దీనికి కట్నం, ఆడపడుచు, పండక్కి కొనని చీర కలిపారంటే అసలు మాట మరుగున పడిపోతుంది. "సరదాకన్నాను" అని ఆయన తేలిగ్గా తీసేస్తే వాదించకండి, "సరదా అయినా మానండి" అని ఊరుకోండి. డాక్టరు దగ్గరికి ఆయన్నే తీసుకెళ్లమనండి. తన మాట మీ మొహం మీద ఏం చేసిందో ఇంకొకరి నోట వినడం మంచిది.

అత్తయ్యగారు చూపించింది 1 పేతురు 3వ అధ్యాయం 3వ వచనం. అందులో జడలు, బంగారంతోపాటు వస్త్రాలు ధరించడం కూడా ఉంది. బట్టలు మానమని ఎవరూ అనరు కదా. సాధువైన, మృదువైన మనసే అసలు అలంకారమని, నగలతో దాన్ని పూడ్చుకోవద్దని ఆ మాటల సారం. ఆదికాండము 24లో ఇస్సాకుకి పెళ్లికూతురిగా రిబ్కాని చూసిన దాసుడు ఆమెకి బంగారు ముక్కుకమ్మి, కడియాలు ఇస్తాడు, నగే పాపమైతే ఇవ్వడు కదా. అయితే 1 తిమోతి 2లోనూ బంగారం గురించి హెచ్చరిక ఉంది. అత్తయ్యగారి మాట ఊరికే పుట్టలేదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం వైపు పని మొదలుపెట్టినప్పటినుంచి ఈ డెల్టాలో వేళ్లూనిన సంఘాలవి, నిరాడంబరత వాటి పద్ధతి. అది లోకాశా కాదా అని నలుగురిలో ఆమెతో వాదం పెట్టుకోకండి. (నరసాపురం ఆడవాళ్లకి లేసు అల్లిక నేర్పింది కూడా మిషనరీలే. అందమైన పనంటే వాళ్లకి పడదనుకోవడం సరికాదు.)

ఆ అధ్యాయం ఏడో వచనం దాకా మీవారు చదవాలి. అది భర్తలకి. జ్ఞానము చొప్పున కాపురం చేయమని, భార్యను సన్మానించమని, అప్పుడే ప్రార్థనలకు ఆటంకం ఉండదని ఉంది. పదిమందిలో రంగు ఎత్తి నవ్వడం సన్మానం కాదు. మీ ఇంట్లో మూడో వచనం అమలైంది, ఏడోది ఇంకా మొదలుకాలేదు.

సంఘ కూడికకి నగలు లేకుండా ముసుగుతో వెళ్లండి, ఆఫీసుకీ పుట్టింటికీ చిన్న కమ్మలు పెట్టుకోండి అన్నది నా సలహా. మీకేది ఒప్పుదలో ముందు మీ ఇద్దరూ తేల్చుకోవాలి. అత్తయ్యగారికి చెప్పేది మాత్రం కొడుకే. మీ నోట వస్తే అది కోడలి ఎదురుమాట అవుతుంది. సంఘపెద్దని కలపాల్సి వస్తే ఇంటికి పిలిచి మాట్లాడించండి, కూడికలో ప్రసంగంలో చెప్పమని అడగకండి. కూడికలో అందరికీ మీ ఇంటి సంగతేనని తెలిసిపోతుంది, మీవారు మరింత బిగుసుకుంటారు.

తీసిన బంగారం ఎక్కడుంది? పుట్టింటివారు పెట్టినది మీదే. ఒక్కో నగ, దాని బరువు గ్రాముల్లో, ఫొటో, కొన్న రసీదు కలిపి జాబితా రాసి ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి అమ్మగారి దగ్గర ఉంచండి. లాకరుంటే మీ పేరూ కలిపించండి. ఇది అనుమానంతో కాదు, లెక్క కోసమేనని మీవారికి ముందే చెప్పండి. ఎప్పుడైనా ఆ నగలు అమ్మమని ఒత్తిడొచ్చినా, చేయి చేసుకున్నా ఓర్చుకోవడం భక్తి కాదు. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి, పుట్టింటికీ అదే రోజు చెప్పండి.