నాలుగేళ్ళ బాబుకి ఇంట్లో ఏం నేర్పించవచ్చు? మా ఇంట్లో కుదిరినవి, కుదరనివి

మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ళ కిందటి మా ఇల్లే గుర్తొచ్చిందండి. మీ బాబుకి నాలుగేళ్ళు, బెజవాడ ఎండలకి పది దాటాక గడప దాటించలేం, ఫోన్ చూపిస్తేనే ముద్ద దిగుతుంది, రెండు వేలు పోసి కొన్న యాక్టివిటీ కిట్ రెండు రోజులకే మంచం కిందకి చేరింది, పైగా పెన్సిల్ పట్టుకోవడం రాలేదని మీ అత్తగారి టెన్షన్. ఖర్చు లేకుండా ఇంట్లో ఏం చేయించొచ్చని అడిగారు. నేను టీచర్ని కాదు, చిట్టీల ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మాది భవానీపురం. పాపకి ఏడేళ్ళు, బాబుకి మొన్నే నాలుగు నిండాయి. ఇద్దరితో పడిన పాట్లలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు మీ కిట్ సంగతి. అలాంటి డబ్బా మా ఇంట్లోనూ ఉంది. చెక్క గిన్నెలు రెండు, చెక్క చెంచా, రంగు పూసలు. ఈ గిన్నెలోవి చెంచాతో ఆ గిన్నెలోకి వేయాలి, అంతే. పైన మాంటిస్సోరి అని రాసి ఉంటుంది, ధర కూడా ఆ పేరుకి తగ్గట్టే. నిజానికి ఆ పేరు మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మది. ఆవిడ 1907లో మొదటి బడి పెట్టింది రోమ్‌లోని ఒక పేదల పేటలో, పొద్దున్నే పనికి వెళ్ళిపోయే వాళ్ళ పిల్లల కోసం. అక్కడ పిల్లలు చేసినవాటిలో బల్లలు తుడవడం, భోజనం వడ్డించడం, గుండీలు పెట్టుకోవడం లాంటి ఇంటి పనులు కూడా ఉన్నాయి. అవన్నీ మన వంటింట్లో ఊరికే దొరుకుతాయి. పూసలు ఎన్నిసార్లు అటూ ఇటూ పోసినా ఏమీ అవదు. అమ్మ గోంగూర వలిస్తే మాత్రం మధ్యాహ్నానికి పప్పు అవుతుంది. ఆ తేడా నాలుగేళ్ళ వాడికి మనకన్నా బాగా తెలుసు. అందుకే నేను చెప్పేది ఒకటే. వాడి కోసం ప్రత్యేకంగా ఏదో కల్పించకండి, మీరు నిజంగా చేస్తున్న పనిలోంచి ఒక చిన్న ముక్క విరిచి వాడికివ్వండి.

గోంగూరతోనే మొదలుపెట్టండి. కట్ట విప్పి పేపరు మీద పరిచి, వాడికంటూ ఒక చిన్న పళ్ళెం పెట్టండి. మా వాడు మొదటిసారి కాడలతో సహా పీకి పళ్ళెంలో కుక్కాడు. నేను ఏమీ అనలేదు, వాడు లేచి వెళ్ళాక ఏరుకున్నాను. రెండోసారి ఆకుని మధ్యకి చింపాడు. మూడో కట్టకో నాలుగో కట్టకో, ఎడమ చేత్తో కాడ పట్టుకుని, కుడి చేతి బొటనవేలు చూపుడువేలు కలిపి ఆకు మొదట్లో గిల్లడం వాడంతట వాడికే పట్టుబడింది. మధ్యలో ఒక ఆకు నమిలి, కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, మళ్ళీ ఇంకో ఆకు నోట్లో పెట్టుకున్నాడు. ఎర్ర కాడ గోంగూర ఎక్కువ పులుపని, తెల్లది తక్కువని ఇప్పుడు నాకే చెబుతాడు. ఆ రోజు పప్పు ఫోన్ లేకుండా తిన్నాడు, తను వలిచిన గోంగూర కదా. రోజూ అలా తింటున్నాడా అంటే లేదు, అబద్ధం ఎందుకు.

మీ అత్తగారితో చెప్పండి, పెన్సిల్‌కి కావలసింది ఆ గిల్లే పట్టే. వేళ్ళలో బలం రాకుండా గీతలు దిద్దిస్తే పిల్లవాడికి చెయ్యి నొప్పి, మనకి తలనొప్పి. చిక్కుడుకాయ ఈనెలు తీయడం, పచ్చి బఠాణీ ఒలవడం, కాసేపు నానబెట్టిన వెల్లుల్లి పొట్టు తీయడం, చపాతీ పిండి ముద్దని నొక్కడం, తడి రుమాలు పిండి దండెం మీద క్లిప్పు పెట్టడం, అన్నీ దానికి పనికొచ్చేవే. పచ్చిమిర్చి తొడిమలు మాత్రం ఇవ్వకండి. గుంటూరు మిర్చి గురించి మీకు నేను చెప్పేదేముంది, ఆ చేత్తో కన్ను నలుపుకున్నాడంటే ఆ పూట గోవిందా.

లెక్కల విషయంలో మా అత్తయ్య నా కళ్ళు తెరిపించారు. పాప అప్పట్లో యాభై దాకా గడగడా చెప్పేది, మేం మురిసిపోయేవాళ్ళం. కొత్త చింతపండు వచ్చే రోజులు, అత్తయ్య ముందు పిక్కల గుట్ట ఉంది. ‘ఏడు పిక్కలియ్యవే’ అన్నారు. అది గుప్పిడు నిండా తీసిచ్చింది. అంటే పాప అంకెలు పాటలా పాడుతోందే తప్ప లెక్కపెట్టడం లేదు. ఒక పిక్కకి ఒక అంకె అన్న ముడి పడలేదు. పుస్తకంలో ఎన్ని పేజీలు నింపించినా నాకు ఆ సంగతి తెలిసేది కాదు.

దానికి వామనగుంటలకి మించిన మందు లేదు. పీట లేకపోతే కోడిగుడ్ల అట్ట చాలు. ముప్ఫై గుడ్ల అట్టలో ఆరేసి గుంటలున్న వరుసలు రెండు కత్తిరించండి. అసలు ఆటకి ఏడేసి ఉంటాయి, ఒకటి తగ్గితే కొంప మునగదు. గుంటకి నాలుగు చొప్పున చింతపిక్కలు, మొత్తం నలభై ఎనిమిది. ఒక గుంటలోవి తీసి వరుసగా ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి సాగించాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని తర్వాతి గుంటలోవి మనం గెలుచుకున్నట్టు. మొదటి వారం మా పాప ఒక గుంటలో రెండు వేసేది, ఒక గుంట దాటేసేది. అత్తయ్య దిద్దలేదు, తన వంతు వచ్చినప్పుడు మాత్రం ఒక్కో పిక్కకీ అంకె పైకి చెబుతూ నిదానంగా వేసేవారు. పది రోజులకి పాప చెయ్యి కుదురుకుంది. తర్వాత ఏ గుంట ఎత్తితే ఎక్కడ ఆగుతుందో ముందే కళ్ళతో కొలుచుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నన్ను ఓడిస్తుంది.

అష్టాచెమ్మా కూడా మంచిదే. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయండి. ఆ అరగదీయడమే పిల్లలకి అరగంట పని.

ఇక్కడ ఒక హెచ్చరిక. బాబుకి మూడేళ్ళు కూడా నిండని రోజుల్లో, అక్క ఆటలోంచి ఒక ఎండు బఠాణీ తీసి ముక్కులో పెట్టుకున్నాడు. నేను కంగారులో పిన్నీసు పట్టుకోబోయాను, మావారు చెయ్యి పట్టుకుని ఆపారు. పరుగున చెవి ముక్కు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, ఆయన రెండు నిమిషాల్లో తీసేశారు. పప్పులు, గింజలు తడికి ఉబ్బుతాయట, మనం వేలో పుల్లో పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతాయట. కాబట్టి మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో పిక్కలు, పూసలు, గింజలు వాళ్ళకి అందనివ్వకండి. మీ వాడికి నాలుగు నిండినా పక్కన మనిషి ఉండాల్సిందే, ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయాల్సిందే. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ సెల్స్ అయితే ఇంకా ప్రమాదం. మింగినా ముక్కులో పెట్టుకున్నా, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

సైన్స్ అనే మాట వింటే భయపడకండి. మా ఇంట్లో అది బట్టలు ఉతికే దగ్గర మొదలైంది. పాప తెల్ల యూనిఫాం మీద పప్పు మరక. సబ్బు రుద్దగానే పసుపు మరక ఎర్రగా అయింది. ‘అమ్మా, రక్తం!’ అని అరిచింది. నేను ఎన్నేళ్ళుగానో చూస్తున్నా ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు. ఆదివారం పాత తెల్ల పంచె ముక్కలు చింపి, పసుపు నీళ్ళలో ముంచి, బాల్కనీలో ఆరేశాం. మే నెల కదా, పది నిమిషాల్లో అప్పడాల్లా అయ్యాయి. దూది పుల్లని సబ్బు నీళ్ళలో ముంచి గీస్తే ఎర్ర గీత. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు. పిల్లలిద్దరూ ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి వేయడం మొదలుపెట్టారు. పెరుగు వేస్తే మార్పు లేదు, చింతపండు రసానికీ లేదు, వంట సోడా నీళ్ళకి కొంచెం ఎరుపు తిరిగింది. పసుపులో కర్కుమిన్ అని ఒకటి ఉంటుంది, సబ్బు, సున్నం లాంటి క్షారాలు తగిలితే అది ఎర్రబడుతుంది. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి చూసి, ‘మేం పారాణి కలిపేది అలాగేగా, పసుపులో సున్నం’ అన్నారు. పాప వెంటనే పారాణి కావాలని గొడవ. సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం, అత్తయ్యే కలిపి కాళ్ళకి పెట్టారు. టైల్స్ మీద మాత్రం పేపర్లు పరచడం మర్చిపోకండి, మా బాల్కనీలో ఒక మూల ఇప్పటికీ పసుపుపచ్చగానే ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నాలు నీళ్ళే శరణ్యం. మీ అమ్మగారింట్లో పాత గిద్దె, సోల, తవ్వ ఉంటే తెచ్చుకోండి. నాలుగు గిద్దెలు పోస్తే సోల నిండుతుంది, రెండు సోలలకి తవ్వ, రెండు తవ్వలకి మానిక. బాత్‌రూమ్‌లో టబ్బు ముందు కూర్చోబెట్టి ఊరికే పోయనివ్వండి. మీరేం చెప్పక్కర్లేదు, నాలుగోసారికి నిండుతుందని వాడే కనిపెడతాడు. టబ్బు అరంగుళం లోతే అయినా వాడిని ఒంటరిగా వదలకండి. అయ్యాక ఆ నీళ్ళు మొక్కలకి పోయించండి, లేకపోతే నాలాగా నీళ్ళ బిల్లు గురించి మావగారి చేత మాట పడాల్సి వస్తుంది.

నీళ్ళంటే ఇంకోటి గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ గేట్లకి కొట్టుకొచ్చిన పడవలు తగిలి ఇరుక్కున్నప్పుడు, టీవీలో రోజంతా అదే. ‘గేటు అంటే మన ఇంటి గేటులా పక్కకి తెరుచుకుంటుందా?’ అని పాప అడిగింది. మేడ మీద పాత ట్రేలో ఇసుక పోసి కాలువ చేశాం, ఐస్‌క్రీమ్ పుల్లలు గుచ్చి గేట్లన్నాం. ఒక్కో పుల్ల పైకి లాగితే నీళ్ళు ఎంత జోరుగా పోతాయో, ఏదీ లాగకపోతే వెనక ఎలా నిండి గట్టు మీంచి పొర్లుతాయో చూసింది. తర్వాత బ్యారేజీ మీదుగా వెళ్ళినప్పుడు డెబ్బై గేట్లూ లెక్కపెడతానని మొదలుపెట్టి, ముప్ఫై దగ్గర తప్పిపోయి, వెనక్కి తిప్పమని ఏడ్చింది. మావారు నిజంగానే తిప్పారు.

కుదరనివీ చెబుతాను. బియ్యంలో రంగులు కలిపి అక్షరాల బిళ్ళలు దాచి వెతికించడం ఒకసారి చేయించాను, వారం రోజులు సోఫా సందుల్లోంచి బియ్యం ఏరుకున్నాం. పెసలు మొలకెత్తించడం బాగుంటుంది కానీ వాడు గంటకోసారి మూట విప్పి చూస్తానంటాడు, అందుకే రెండు మూటలు కట్టండి, ఒకటి వాడు విప్పడానికి. ఇంకో మాట, వాడు పని చేస్తుంటే ఫోన్ తీసి స్టేటస్ కోసం వీడియో తీయకండి. ఫోన్ కనిపించగానే గోంగూర పక్కన పడేస్తాడు, మా వాడు అదే చేశాడు. పావుగంట కూర్చుంటే చాలు, లేచి వెళ్తే పోనివ్వండి.

పెన్సిల్ దగ్గరికి మళ్ళీ వస్తాను. మా పాప మొదట పట్టుకుంది పెన్సిల్ కాదు, సుద్దముక్క. సంక్రాంతి అయిపోయినా సరే, సాయంత్రం చల్లబడ్డాక వాకిట్లోనో మేడ మీదో ఏడు చుక్కలు పెట్టండి. దానికి అటూ ఇటూ సందు చుక్కలు ఆరు, అయిదు, నాలుగు. చుక్కలు మీరు పెట్టండి, కలిపేది వాడిని కలపనివ్వండి. వంకర్లు పోతుంది, చుక్కలు మిగిలిపోతాయి. మిగిలినవి ఎన్నో లెక్కపెట్టమనండి. మా వాడు నిన్న తొమ్మిది మిగిల్చి, ‘అవి రేపటికి’ అన్నాడు.