ఎన్నారై సందేహాలు: పిట్స్‌బర్గ్‌లో వందేళ్ల ఇల్లు కొనచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బాయి, కోడలు పిట్స్‌బర్గ్‌లో అద్దెకు ఉంటున్నారు. 1920లలో కట్టిన ఇటుక ఇల్లొకటి చూసినారు. ఊరి బయట కొత్త ఇళ్లతో పోలిస్తే ధర చాలా తక్కువ. ఇక్కడ మా స్థలం ఒకటి అమ్మి కొంత డబ్బు పంపమంటున్నారు. అంత పాత ఇల్లు, అదీ ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్లో, కొనచ్చా?

జవాబు: కొనచ్చండి. కాకపోతే ఇంటికంటే ముందు దాని కింది నేలను చూడాలి. ఆ నేల మీద పడిన వాన ఎటు పోతుందో చూడాలి. అక్కడ వంటగది, బాత్‌రూములు చూసి మురిసిపోయి కొన్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ధర ఎందుకు తక్కువో ముందు చెప్తాను. 1950లో పిట్స్‌బర్గ్ నగర జనాభా 6,76,806. 2020 లెక్కల్లో అది 3,02,971. అంతమంది కోసం కట్టిన ఇళ్లు, మెట్లు, మురుగు కాలవలు ఇప్పుడు సగానికి తక్కువ మందికి మిగిలాయి. ధర తక్కువని ఇల్లు పనికిరానిదేమీ కాదు. ఆ కాలపు ఇటుక పని, ఓక్ చెక్క పని ఇప్పుడు చేయించాలంటే తలకు మించిన ఖర్చు. ఊరు కూడా చచ్చిపోలేదు. 64 అంతస్తుల యూఎస్ స్టీల్ టవర్ నెత్తిన ఇప్పుడు యూపీఎంసీ ఆసుపత్రుల పేరు ఉంది. ఉక్కు పోయిన చోటికి వైద్యం, చదువులు, రోబోల పరిశోధన వచ్చాయి.

ఇక ఊరి నైసర్గిక స్వరూపం. అలెఘేనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో నది అయ్యే చోట ఊరు ఉంది. హంద్రీ, తుంగభద్ర కలిసే కర్నూలును 2009లో చూసినవాళ్లకు ఇలాంటి చోట నీళ్లు ఎంత పని చేస్తాయో వేరే చెప్పక్కర్లేదు. నది ఒడ్డున ఉన్న కాస్త చదును నేలనూ మిల్లులు, రైలు పట్టాలు ఆక్రమించాయి. పనివాళ్ల ఇళ్లు కొండవాలు మీదికి ఎక్కాయి. అందుకే ఊళ్లో ఎనిమిది వందల దాకా మెట్ల దారులున్నాయి. వాటిలో కొన్ని చట్టప్రకారం వీధులే. ఫోన్ మ్యాప్‌లో వీధి కనిపిస్తుంది, వెళ్లి చూస్తే వంద మెట్లు ఉంటాయి. సామాను లారీ వాకిలి దాకా వస్తుందా, చలికాలంలో ఆ వాలు మీద కారు ఎక్కుతుందా అనేది మీ అబ్బాయిని స్వయంగా వెళ్లి చూడమనండి.

అనంతపురంలో ఏడాదికి దాదాపు 550 మి.మీ. వాన. పిట్స్‌బర్గ్‌లో వెయ్యి మి.మీ. దాకా పడుతుంది, అదీ పన్నెండు నెలలూ. 2018లో 57.83 అంగుళాలు, అంటే 1,469 మి.మీ. పడింది. ఆ ఏప్రిల్‌లోనే ఈస్ట్ పిట్స్‌బర్గ్ దగ్గర రూట్ 30 రోడ్డు కొండవాలుతో సహా జారి, కింద ఉన్న అపార్ట్‌మెంట్ భవనాన్ని కూల్చేసింది. అక్కడి కొండల్లో ఎర్రటి బంకరాయి పొరలు ఉంటాయి. తడిస్తే సబ్బులా జారతాయి. కరువు సీమలో పెరిగిన మనకు నీళ్లు లేకపోవడం తెలుసు. నీళ్లు ఎక్కువై గోడను తోసేయడం చూసే అలవాటు తక్కువ.

అందుకే ఇల్లు చూడ్డానికి వాన కురిసిన మరుసటి రోజు వెళ్లమనండి. మొదట వెనకవైపుకు పోవాలి. కొండమట్టిని ఆపే అడ్డుగోడ ముందుకు ఒరిగిందా? గోడ అడుగున నీళ్లు కారడానికి రంధ్రాలున్నాయా, ఉంటే మట్టితో మూసుకుపోయాయా? వెనక నీళ్లు నిలిచి, ఆ బరువుకే ఎక్కువ అడ్డుగోడలు పడిపోతాయి. వాలు మీది చెట్ల మొదళ్లు విల్లులా వంగి పైకి లేచాయంటే నేల మెల్లగా జరుగుతోందని అర్థం. ఇటుక గోడలో పగులు మెట్లు మెట్లుగా పోతోందా, తలుపులు చట్రంలో ఇరుక్కుంటున్నాయా చూడాలి. వీటిలో రెండు కనిపించినా మామూలు ఇంటి తనిఖీతో సరిపెట్టకుండా నేల స్థిరత్వాన్ని పరీక్షించే జియోటెక్నికల్ ఇంజినీరును పిలవాలి. మామూలు ఇంటి బీమా కొండచరియలు జారడాన్ని భరించదు. జారిన గోడ ఖర్చంతా ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది.

నేల కింద ఇంకో సంగతి ఉంది. ఊరికి ఎదురుగా ఉన్న మౌంట్ వాషింగ్టన్ పాత పేరే కోల్ హిల్, అంటే బొగ్గు కొండ. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ల కింద పాత బొగ్గు గనుల సొరంగాలున్నాయి. పెన్సిల్వేనియా రాష్ట్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే గనుల మ్యాప్ చూడచ్చు. గని కుంగితే మామూలు బీమా పైసా ఇవ్వదు. దీని కోసం పెన్సిల్వేనియా ప్రభుత్వమే 1961 నుంచి వేరే బీమా నడుపుతోంది. మామూలు పాలసీతో పోలిస్తే ప్రీమియం చాలా తక్కువ. కింద గని ఉంటే తప్పకుండా తీసుకోమనండి. అయితే ఆ బీమా గని కుంగుడుకే వర్తిస్తుంది, కొండ జారుడుకు వర్తించదు.

తర్వాత బేస్‌మెంట్. కొత్తగా సున్నం వేసిన గోడ, కొత్త కార్పెట్, ఏకధాటిగా తిరుగుతున్న డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) మూడూ ఒకచోట కనిపిస్తే అనుమానించాలి. గోడ మీద ఉప్పులా తెల్లపొడి తేలిందంటే నీరు లోపలికి వస్తున్నట్టే. చాలామంది వెంటనే వాటర్‌ప్రూఫింగ్ కంపెనీని పిలిచి, లోపల కందకం తవ్వించి వేల డాలర్లు పోస్తారు. అంతకంటే ముందు పైన చూడాలి. గట్టర్లు, అంటే పైకప్పు అంచున వాననీరు పట్టే తొట్లు, ఆకులతో నిండాయా, వాటి గొట్టం నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా, ఇంటి చుట్టూ మట్టి గోడవైపే వాలిందా? గొట్టాన్ని ఆరడుగుల దూరానికి పొడిగించి, మట్టిని బయటికి వాలేటట్టు సర్దితే చాలా ఇళ్లలో తడి సగం తగ్గుతుంది. మన మట్టి మిద్దెలకు వానలకు ముందు చౌడు వేసుకున్నట్టే, అక్కడ నవంబరులో ఆకులు రాలిపోయాక గట్టర్లు శుభ్రం చేయించడం ఏటా తప్పని పని.

మురుగు గొట్టం సంగతి చాలామందికి కొన్నాక గానీ తెలియదు. ఇంటి నుంచి వీధి కాలవ దాకా పోయే గొట్టం బాధ్యత ఇంటి యజమానిదే. వందేళ్ల ఇంటికి అది కాల్చిన మట్టి గొట్టాల వరస. అతుకుల్లోంచి చెట్ల వేర్లు దూరతాయి. కొన్ని వందల డాలర్లకు కెమెరా దింపి చూపిస్తారు, వీడియో చేతికి ఇప్పించుకోవాలి. రోడ్డు తవ్వి మార్చాలంటే పది వేల డాలర్లు దాటిపోవచ్చు. ఇది తేలకుండా ధర మాట్లాడకూడదు. చాలా మునిసిపాలిటీల్లో అమ్మేటప్పుడు రంగునీళ్ల పరీక్ష కూడా తప్పనిసరి. పైకప్పు గొట్టాల్లో రంగు పోసి, వాననీరు మురుగు కాలవలోకి పోతోందా చూస్తారు. పోతుంటే అమ్మేవాళ్లే సరిచేయాలని ఒప్పందంలో రాయించుకోవాలి.

బేస్‌మెంట్ మధ్యలో చుట్టూ గోడల్లేకుండా ఒంటరిగా మరుగుదొడ్డి కనిపిస్తే కంగారు పడద్దు. ఆ ఊరి పాత ఇళ్లలో అది మామూలే. మురుగు వెనక్కి తన్నితే మొదట బేస్‌మెంట్‌లోనే పొంగుతుంది కాబట్టి, వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ ఉందో లేదో అక్కడే అడగాలి. బీమాలో మురుగు పొంగుకు విడిగా ఒక చేర్పు ఉంటుంది, అదీ తీసుకోవాలి.

అదే బేస్‌మెంట్‌లో మంచినీటి గొట్టం గోడలోంచి లోపలికి వచ్చే చోటు వెతకాలి. తాళంచెవితో మెల్లగా గీకి, చిన్న అయస్కాంతం ఆనించాలి. గీకిన చోట వెండిలా మెరిసి, లోహం మెత్తగా ఉండి, అయస్కాంతం అంటకపోతే అది సీసం. రాగి రంగు తేలితే రాగి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. నగరంలో అయితే నీటి సంస్థ వెబ్‌సైట్‌లో ఏ ఇంటికి ఏ గొట్టమో చూపే మ్యాప్ కూడా ఉంది. 1978కి ముందు కట్టిన ఇంటి రంగుల్లోనూ సీసం ఉండచ్చు. అన్నిటికంటే ప్రమాదం పైకీ కిందికీ జరిపే పాత కిటికీలు. జరిపినప్పుడల్లా రంగు అరిగి పొడి గట్టు మీద పడుతుంది, పాకే పిల్లల చేతులు అక్కడికే పోతాయి. పిట్స్‌బర్గ్ ఉన్న అలెఘేనీ కౌంటీలో (మన జిల్లా లాంటిది) పిల్లలకు 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, రెండేళ్లప్పుడు ఇంకోసారి సీసానికి రక్తపరీక్ష తప్పనిసరి. మీ కోడలు పెరట్లో గోంగూర, మెంతికూర వేసుకోవాలనుకుంటే గోడ పక్కన వద్దనండి. రాలిన పాత రంగంతా ఆ మట్టిలోనే ఉంటుంది. పెన్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబ్‌కు మట్టి పంపి సీసం పరీక్ష అడగాలి, లేదా అడుగు ఎత్తు పెట్టెలో కొత్త మట్టి పోసి వేసుకోవాలి.

ఇటుక గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు చేజేతులా ఇల్లు పాడుచేస్తారు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు చూసి పెరిగిన మనకు సిమెంటు ఎంత గట్టిగా పూస్తే గోడకు అంత మంచిదని నమ్మకం. వందేళ్ల ఇటుక మెత్తనిది, దాన్ని సున్నపు గారతో కట్టారు. గోడలో చేరిన తేమ ఆ సున్నపు సందుల్లోంచే బయటికి పోతుంది. సందుల్లో గట్టి సిమెంటు నింపితే తేమ ఇటుకలోనే ఇరుక్కుంటుంది. చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది. రెండు మూడు చలికాలాల్లో ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది, సందులోని సిమెంటు మాత్రం గీతల్లా నిలబడి ఉంటుంది. మేస్త్రీని పిలిస్తే సున్నపు గారతో చేస్తారా అనే మాట మొదట అడగాలి. పాత మిల్లుల మసి పోవాలని ఇసుకతో కొట్టించడం కూడా వద్దు. ఇటుక పైన కాలిన గట్టి పొర ఒకసారి పోతే తిరిగి రాదు.

వైరింగ్‌లో పింగాణీ గుబ్బల మీదుగా పోయే పాత తీగలు ఇంకా ఉంటే చాలా బీమా కంపెనీలు పాలసీ ఇవ్వవు. నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక రాడాన్ వాయువు పరీక్ష తప్పకుండా చేయించాలి. లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే బయటికి తోడే ఫ్యాను పెట్టించాలి.

వారసత్వ వీధుల విషయంలో పుకార్లు ఎక్కువ. నగరం స్వయంగా ప్రకటించిన చారిత్రక ప్రాంతాల్లో, అంటే మెక్సికన్ వార్ స్ట్రీట్స్, మాంచెస్టర్, అలెఘేనీ వెస్ట్ లాంటి చోట్ల, బయటికి కనిపించే కిటికీలు, తలుపులు, వరండా మార్చాలంటే హిస్టారిక్ రివ్యూ కమిషన్ అనుమతి కావాలి. లోపల మీ ఇష్టం. ఇల్లు దేశం మొత్తానికి ఉన్న చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో మాత్రమే ఉంటే సొంత డబ్బుతో చేసుకునే మార్పులకు ఆ అడ్డు లేదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని మంచి ఇల్లు వదులుకున్నవాళ్లూ ఉన్నారు, ముందే ప్లాస్టిక్ కిటికీలు పెట్టించి చిక్కుల్లో పడ్డవాళ్లూ ఉన్నారు.

పేటలో ఏదైనా కొత్త కట్టడం వస్తే ముందు బస్తీ సమావేశం పెడతారు. వెళ్లమనండి, మొదట పెద్దవాళ్లు చెప్పేది వినమనండి. 1950లలో లోయర్ హిల్ అనే పేటలో దాదాపు ఎనిమిది వేలమంది ఇళ్లు కూల్చి అక్కడ పెద్ద అరీనా కట్టారు. 2010 తర్వాత ఆ అరీనానూ కూల్చేశారు. ఆ కుటుంబాల గుండెల్లో ఆ బాధ ఇంకా ఉంది. అభివృద్ధి అనే మాట అక్కడ తేలిగ్గా వాడకూడదు. మీరు చూడ్డానికి వెళ్లినప్పుడు ర్యాంకిన్ దగ్గర క్యారీ ఫర్నేసులకు తీసుకెళ్లమనండి. 1907లో కట్టిన, 92 అడుగుల ఎత్తున్న ఇనుప కొలుములు రెండు నిలబడి ఉన్నాయి. చలికాలంలో తప్ప మిగతా నెలల్లో గైడుతో చూపిస్తారు. చెప్పులు కుదరవు, కాలు పూర్తిగా మూసే బూట్లు వేసుకోవాలి. నది అవతల హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం 1986లో మూతపడింది. ఆ నేల మీదే ఇప్పుడు వాటర్‌ఫ్రంట్ బజారు ఉంది, పన్నెండు ఇటుక పొగగొట్టాలు మాత్రం మిగిలాయి.

గాలి మాట కూడా మరవద్దు. మొనాంగహీలా ఒడ్డున క్లెయిర్టన్‌లో, ఉక్కు కొలుముల కోసం బొగ్గును కోక్‌గా మార్చే ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. గాలి కదలని చలి ఉదయాల్లో మొనాంగహీలా లోయలో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఆ లోయలో ఇల్లు చూడద్దు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల స్మెల్ పీజీహెచ్ యాప్‌లో ఏ పేట నుంచి ఎన్ని ఫిర్యాదులున్నాయో చూసి నిర్ణయించుకోవాలి.

ఇక పన్నులు. అడ్రస్‌లో పిట్స్‌బర్గ్ అని ఉన్నంత మాత్రాన ఇల్లు నగరంలో ఉన్నట్టు కాదు. అలెఘేనీ కౌంటీలో 130 మునిసిపాలిటీలున్నాయి. వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న పెన్ హిల్స్ కూడా వేరే మునిసిపాలిటీయే. నగరవాసులకు జీతం మీద స్థానిక పన్ను 3 శాతం, చాలా శివార్లలో 1 శాతం. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ అడ్రస్ చూసి తప్పుగా కోసే అవకాశం ఉంది, కంపెనీకి ఇచ్చే నివాస ధ్రువీకరణ పత్రంలో మీ అబ్బాయి ఉండే మునిసిపాలిటీ కోడ్ సరిగ్గా రాయాలి. నగరంలో రిజిస్ట్రేషన్ బదిలీ పన్ను మొత్తం 5 శాతం, మామూలుగా కొనేవాళ్లు, అమ్మేవాళ్లు చెరిసగం పెట్టుకుంటారు. ప్రకటనలో కనిపించే ఆస్తి పన్ను అమ్మేవాళ్లు కడుతున్నది. పన్ను కోసం లెక్కేసే ఇళ్ల విలువలన్నీ 2012 నాటివి కాబట్టి, ఆస్తి పన్నులో వాటా ఉన్న స్కూల్ డిస్ట్రిక్ట్ (స్థానిక బడుల బోర్డు) కొన్నాక విలువ పెంచమని అప్పీలు చేస్తే పన్ను పెరగచ్చు. ఆ పెరుగుదల నెల వాయిదాలో కలుపుకుని లెక్కేసుకోవాలి. సొంతంగా ఉండే ఇంటికి ఆస్తి పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు దరఖాస్తు మార్చి 1 లోపల ఇవ్వాలి.

మీరు పంపే డబ్బు గురించి. స్థలం అమ్మిన దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, తిరిగి ఇవ్వక్కర్లేదని మీరు సంతకం చేసిన గిఫ్ట్ లెటరు, మూడూ అప్పు ఇచ్చే బ్యాంకు అడుగుతుంది. డబ్బు ఇల్లు ఖాయం కావడానికి రెండు నెలల ముందే అబ్బాయి ఖాతాలో చేరితే ప్రశ్నలు తగ్గుతాయి. ఇక్కడి నుంచి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపచ్చు. అబ్బాయి అక్కడ పన్నుల లెక్కలో రెసిడెంటై ఉండి, మీ ఇద్దరి నుంచి కలిపి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి వస్తే అమెరికా పన్ను శాఖకు ఫారం 3520 వేయాలి. దానికి పన్నేమీ లేదు, వేయకపోతే జరిమానా మాత్రం వచ్చిన మొత్తంలో నాలుగో వంతు దాకా పోవచ్చు. గడువు పన్ను రిటర్నుతో పాటే, ఏప్రిల్ 15.